కొసరు

నాలుగంగుళాల నల్లబండ
హాలంతా గోడపాదం పట్టుకొని వచ్చి
వంటింటి దోవ దగ్గర టక్కున ఆగిపోయింది.
దర్వాజా లేని దోవ. దాక్కునే చోటు లేదు.
కోసిన మొఖం కోసినట్టే బయటికి.

"ఎవురు సూస్తారులే మా" అన్యాడు దాదాపీర్ మేస్త్రి
తాపీ కడుక్కుంటా.
"నేలమీద కూచున్నోళ్ళకు తప్ప అగపడదు."

పొద్దున నేనుండేది నేలమీదే.
తడిగుడ్డ ఆ మూల తిరిగినప్పుడల్లా
ఒక పోగు పట్టుకుంటాంది రాయి.
పాత లంగాది ఎర్రపోగు,
మా ఆయన లుంగీది నీలం.
నెల తిరిగేసరికి
కొసకు గడ్డం మొలిచింది.

ఎర్రగుంట్లలో పుట్టినదాన్ని.
పాలిషు మిషన్ల తెల్లబురద దాటుకుంటా బడికి పోయినదాన్ని.
పైన అద్దం, పక్కన రంపం గీతలు,
బండ సంగతి నాకొకరు చెప్పాల్నా?

చింతపండు తూకమైనాక
అంగడాయప్ప ఇంకో చిన్న ముద్ద వేస్తాడే,
అట్లాంటిది ఏ పనికైనా ఉంటుంది.
అడగనిదే ఎవరూ వెయ్యరు.

కరెంటు పోయిన మధ్యాన్నాలు.
గోనెపట్టా, చెంబుడు నీళ్ళు,
కట్టెముక్కకు చుట్టిన ఎనభై నంబరు వాటర్ పేపరు.
చెయ్యి ఒకే దిక్కుకు పోవాల.
ముందుకూ వెనక్కూ లాగినామంటే అంచు అరిగిపోతుంది.
మోచేతి దాకా బూడిదనీళ్ళు.
తర్వాత రెండొందల ఇరవై. తర్వాత నాలుగొందలు.
ముందు చప్పుడు మారుతుంది:
గరగర పోయి సరసర,
సరసర పోయి ఏమీ లేదు.
చేతికి ఆ తర్వాత తెలుస్తుంది.
కంటికి అన్నిటికన్నా ఆలస్యం.

బండకూ గోడకూ మధ్య అగ్గిపుల్ల దూరేంత సందు.
వక్కపొడి డబ్బా మూతలో
తెల్లసిమెంటు, చిటికెడు నల్లరంగు కలిపి
బొటనవేలితో కూరినాను.
ఆఖర్న చెనిక్కాయ నూనె ఒక చుక్క.
తాగింది.
ఇంకో చుక్క.
అప్పుడు పైకి తేలినాయి రాయి లోపలి వరసలు,
మూసిన లెక్కల పుస్తకం అంచు మాదిరి.

ఇంట్లో ఏడు కొసలు. ఆరు చేసినాను.

మిగిలిన కూలికి వచ్చినాడు మేస్త్రి.
మంచినీళ్ళు తాగుతా అలవాటుగా కిందికి చూసి
గ్లాసు పక్కన పెట్టి వంగినాడు.
కొసమీద బొటనవేలు
పైనుంచి కిందికి, మళ్ళా పైకి.
"ఏ మిషన్‌ది మా?"
నేను నల్లబడిన గోళ్ళు కొంగులో పెట్టుకున్న్యా.
"కొసకు యాభై. ఆరింటికి మూడొందలు పట్టుకుంటా."

నవ్వలేదు. బేరమాడలేదు.
పడకింటి దాకా పోయి
ఏడో కొస ముందర గొంతుక్కూచున్యాడు.
"ఆ నాలుగొందల పేపరు ఇట్లియ్యి మా."

నేను ఎనభైది ఇచ్చినాను.