సబ్‌మర్సిబుల్

బెళుగుప్ప క్రాసులో టీ తాగుతాంటే
టీవీలో ఆ మాట ఇనపడింది:
సబ్‌మర్సిబుల్ తప్పిపోయిందంట.

గ్లాసు కింద పెట్టినాను.
మా దిక్కు సబ్‌మర్సిబుల్ అంటే బోరు మోటరే.
పైపు ఊడో తాడు తెగో లోపలికి జారిపోతే
ఫోను నాకే వస్తాది, ఇరవై రెండేండ్లుగా.

"ఎన్నడుగులు?" అన్నాను, అలవాటుగా.
"పదకొండు వేలు" అన్నాడు టీ కొట్టు కుళ్లాయప్ప.
నవ్వినాను.
లోపల మనుషులుండారని ఆ తర్వాత చెప్పినాడు.

నా లెక్క తొమ్మిది వందలు దాటదు.
తిప్పేస్వామి చేన్లో ఏడు వందల ఎనభై.
మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి, కొక్కెం దించి,
తాడు మీద రెండు వేళ్లు పెట్టి కండ్లు మూసుకుంటా.
కేసింగు అంచయితే గరగరమంటాది.
బురదయితే ఏమీ చెప్పదు.
ఇనుముకు ఇనుము తగిలితే మాత్రం
మోచేతి దాకా జిల్లుమంటాది.
అది దొరికిందని కాదు, ఉందని.
ఆ రెండిటికీ నడుమ ఒక్కోసారి మూడు దినాలు.

గట్టిగా లాగితే తాడు తెగుతాది.
మెల్లగా లాగితే బురద ఇడవదు.
గట్టు మీద నిలబడినోళ్లందరూ ఇంజనీర్లే.

మా అవ్వ కాడ పాతాళగరిగె ఉండేది.
బాయిలో బిందె పడితే వీధంతా మా ఇంటికే.
చెంబో గిన్నో కుదవ పెట్టి తీసుకపోవల్ల,
ఊరికే ఇస్తే పడింది దొరకదంటాండె.
ఆ ఓడలోళ్లు
ఏ ముసలామె గడపలో ఏం కుదవ పెట్టి
బయలుదేరినారో.

టీవీ మూలన ఒక అంకె.
గాలి ఇంకా ఇన్ని గంటలు.
తిప్పేస్వామి చేన్లోనూ అంకె ఉండె:
చీనీ చెట్లు ఇంకా ఇన్ని దినాలు.
ఆకులు చుట్టుకునేది చూస్తానే
నాలుగు దినాలు కొక్కెం దించినాను.
చెట్టు గోడ కొట్టి పిలవదు,
అందుకే చేతులు వణకలేదేమో.

ఈడ వాళ్లెవరో చప్పుడు ఇన్నారంట.
యాడ్నుంచో తెలీదంట.
నేను నమ్ముతా. బోరులో రాయి పడితే
ఆ గొంతు అన్ని దిక్కులనుంచీ వస్తాది.

మూడోనాడు పోయేసరికి మూలన అంకె లేదు.
దాని చోట ఏదో సబ్బు.
నేను అడగలేదు. కుళ్లాయప్ప
చక్కెర ఎక్కువేసి టీ ఇచ్చినాడు,
దుడ్లు తీసుకోలేదు.

ఆ రాత్రే ఉరవకొండ దిక్కునుంచి ఫోను.
ఆరు వందల నలభై అడుగులు, కొత్త మోటరు,
అప్పు ఇంకా తీరలేదన్నాడు రైతు.
స్టాండు నిలబెట్టినాం. పిల్లోడు రసూలు టార్చి పట్టుకున్నాడు.
కొక్కెం దించే ముందు, ఎందుకో,
స్పానరుతో కేసింగు మీద మూడు సార్లు కొట్టి
చెవి ఆనించినాను.

"ఎవురుండారన్నా లోపల?" అన్నాడు రసూలు.

"ఉండు" అన్నాను.
"మాట్లాడాకు."