కారణం అనే గడి

సెలవు చీటీలో అన్నీ నింపేశాను.
పేరు, హోదా, ఏ తేదీ నుంచి, ఎన్ని రోజులు.
మూడు అని రాశాను.
కారణం అనే గడి దగ్గర పెన్ను ఆగింది.
బొటనవేలంత గడి.

జ్వరం అందామంటే జ్వరం లేదు.
మూడు పూటలా పెట్టి చూసుకున్నా,
తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు.
ఇంత మామూలుగా ఉండటం సిగ్గుగా ఉంది.

పుంగనూరు గుర్రప్ప గుండు గుర్తొస్తుంది.
మొక్కు తీర్చుకుని కొండ దిగిన నాలుగోనాటికి
నా వార్డుకొచ్చాడు.
నున్నటి తల మీద మాస్కు పట్టీ నిలిచేది కాదు.
జారితే గాలి కారేది,
గాలి కారితే మిషన్ అరిచేది.
దొరసానమ్మ పాత దుప్పటి అంచు చించి
తలపాగాలా చుట్టింది.
"ఉన్న నాలుగు ఎంటికలూ సామికే ఇచ్చేస్తివే,
మాకేమన్నా మిగల్చాల్నా లేదా అన్నా?"
అతను నవ్వితే మాస్కు లోపల ఆవిరి.

బోర్లా పడుకోమంటే తగువేసుకున్నాడు,
కిటికీలో కొండ కనపడదని.
మంచం తిప్పించాను.
అయినా బోర్లా పడుకున్నవాడికి
కనిపించేది దిండే.

తొమ్మిదో రోజు పోయాడు.
అప్పటికి తల మీద గరుకుగా మొలుస్తోంది.
ఇంకో వారమైతే పట్టీ నిలిచేది
అనుకున్నాను. అంతే అనుకున్నాను.
పదకొండో మంచం పిలుస్తోంది.

అది కాదు కారణం.

సాయంత్రం నాలుక్కి ఇళ్ళకు ఫోన్లు చేసే పని నాది.
నగరి నుంచి ఒకామె, మగ్గం చప్పుడు వెనకాల,
రోజూ ఒకటే అడిగేది:
"అన్నం తినిన్యాడా మేడం?"
గొంతులో గొట్టం వేసిన మనిషి గురించి.
తిన్నాడమ్మా.
"ఏం కూర?"
సొరకాయ. చింతాకు పప్పు. ఒకనాడు ఉలవచారు.
నేను జీవితంలో అంత వంట చేయలేదు.
పోయాడని చెప్పిన రోజు
మగ్గం ఆగింది.
చాలాసేపటికి అడిగింది,
"నిన్న రాత్రి ఏం కూర మేడం?"
ఆ ఒక్క కూరే నాకు దొరకలేదు.
ఇప్పటికీ మా ఇంట్లో కుక్కర్ మూత తీస్తే
ముందు ఆ ప్రశ్నే పైకొస్తుంది.

అదీ కాదు.
వాటికి ఓర్చుకున్నాను.
బైరాగిపట్టెడలో ఓనరు
నా అడుగుల వెనకాలే మెట్లు కడిగించినా ఓర్చుకున్నాను.
(ముందు నెల పళ్ళెం మోగించిందీ ఆయనే.)
అప్పుడు ఒళ్ళంతా చెమటతో, దద్దుర్లతో
ఒక మనిషిననే తెలిసేది.

మొన్న మంగళవారం,
ఓపీలో నూట నలభయ్యో చీటీ,
ఒక తాత వచ్చాడు. కాణిపాకం దగ్గరెక్కడో.
మోకాలు నొప్పి.
ఎప్పటినుంచీ అని అడగాల్సిన నోటితో
"చావవులే దీంతో" అన్నాను.

అరవలేదు. కోపం కూడా లేదు.
టైమెంత అంటే చెప్పినట్టు చెప్పాను.

ఆయన చీటీని నాలుగు మడతలు పెట్టి
జేబులో పెట్టుకుని
"అదీ నిజమేలేమ్మా" అన్నాడు.
లేవడానికి మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు.
ఆ చెయ్యి లేచేదాకా చూశాను.
నా లోపల ఏదైనా లేస్తుందేమోనని చూశాను.
నర్సు పరిమళ నూట నలభై ఒకటి అని పిలిచింది.

ఇది ఏ జబ్బో పుస్తకాల్లో ఉంది,
నేనే పీజీలకు చెప్పి ఉంటాను.
గడిలో పట్టే పేరు మాత్రం కాదు.

ఆఫీసులో చెంగల్రాయుడు నా పెన్ను వంక చూసి
"సొంత పని అని రాయండి మేడం,
అందురూ అదే రాస్తారు" అన్నాడు.

రాశాను.
సొంత అనే మాట దగ్గర
ఎవరిదో చేవ్రాత అనిపించింది.
పైకెళ్ళి మూడు పక్కన సున్నా పెట్టాను.

చెంగల్రాయుడు చూశాడు. ఏమీ అనలేదు.
ప్యాడ్ ఎండిపోయి ఉంది.
రబ్బరు స్టాంపు నోటి దగ్గర పెట్టుకుని
హా అని ఊపిరి ఊదాడు,
రెండుసార్లు,
మాస్కు లేకుండా, జానెడు దూరంలో.

నేను వెనక్కి జరగలేదు.