పదకొండు మిల్లీసెకన్లు

వూచ్ నగరంలో నవంబరంటే
మధ్యాహ్నం మూడున్నరకే దీపం వేసుకోవాలి.
ట్రామ్ పట్టాల పక్క సందులో నా కొట్టు.
పాత కంప్యూటర్లు, కొత్త కార్డులు,
దుమ్ము ఊదే గొట్టం, చల్లారిన టీ.

హల్ష్కా గారొచ్చింది ఆ రోజు,
చక్రాల సంచిలో
దుప్పటి చుట్టిన పెట్టెతో.
అరవై తొమ్మిదేళ్లు. కుడిచెవి సగమే పనిచేస్తుంది.
రాత్రిళ్లు మంచుకొండల్లో కారు పోటీలాడుతుందట.
"పరుగుంది యెంజెయ్, నడక లేదు" అంది.

లోపల్లోపల నవ్వుకున్నాను.
పెట్టె విప్పి, తీగలు తగిలించి
తెర మూలన ఆకుపచ్చ అంకె వెలిగించాను:
నూట నలభై రెండు.
సెకనుకు నూట నలభై రెండు ఫ్రేములు!
"ఈ వీధిలో ఇంతకన్నా వేగం లేదమ్మా"
అన్నాను, నేనే కన్నట్టు.

ఆవిడ అంకె వంక చూడలేదు.
స్టీరింగ్ అందుకుంది.
మూడో మలుపు దగ్గర
చిటికెనవేలు ఎత్తింది: "ఇదిగో."
నాకేం కనబడలేదు.
"ఇదిగో, మళ్లీ.
చెయ్యి ముందే తిరిగింది, దారి తర్వాతొచ్చింది.
ఆ సందులోంచే నేను లోయలో పడేది."

మిల్లు మూతపడేదాకా పద్దెనిమిదేళ్లు
మరమగ్గాల మధ్య నిలబడ్డ మనిషి.
ఆ చెవిని తిన్నది ఆ మోతే.
"మా ఫోర్‌మన్ కూడా నీలాగే,
పూటకెన్ని మీటర్లో గోడమీద రాసేవాడు.
నాడె ఒకసారి తొందరపడి
ఒకసారి తటపటాయిస్తే
లెక్క సరిపోతుంది, గుడ్డ సరిపోదు.
వెలుతురుకెత్తి పట్టు,
అడ్డంగా చారలు."

అప్పుడు తెరిచాను గీతను.
ఒక ఫ్రేముకీ మరో ఫ్రేముకీ మధ్య
ఎంతసేపో చెప్పే గీత.
ఆరు, ఏడు, ఆరు, ఆరు, ఏడు,
చాలాసేపు ఆరూ ఏడూ,
ఉన్నట్టుండి నలభై మూడు!
మళ్లీ ఏమీ ఎరగనట్టు ఆరు.
సగటు అనే దుప్పటి కింద
ఇన్ని ముళ్లు పడుకుని ఉన్నాయి.

బయట ట్రామ్ కోసం
అరగంటగా తడుస్తున్నారు జనం.
తర్వాత మూడూ తోకలు పట్టుకున్నట్టు వచ్చాయి.
గంటకు ఆరు అని బోర్డు.
బోర్డు అబద్ధం చెప్పలేదు.

రాత్రి తొమ్మిదిదాకా కూచున్నాను.
వెనకాల చాటుగా నడిచే ప్రోగ్రాములు ఆపాను.
ఒంటికాలిమీదున్న మెమొరీకి జత ముక్క తొడిగాను.
నీడల నాణ్యత ఒక మెట్టు దించాను.
ముళ్లు పొట్టివయ్యాయి, పోలేదు.
ఇక మిగిలింది ఒక్కటే, మనసొప్పనిది:
వేగానికి కళ్లెం.
తొంభై దగ్గర కట్టెయ్యడం.

దాచడం దేనికి, నా చెయ్యి ఆగింది.
యాభై రెండు ఫ్రేములు!
కొట్టు గాజుతలుపు మీద
పెద్ద పెద్ద అంకెలంటించి బతికినవాణ్ణి.
కార్డులమ్మింది ఆ అంకెలతోనే.
అప్పు తీర్చింది ఆ అంకెలతోనే.

వేశాను.
గీత ఒకటి రెండుసార్లు ఎగిరి
లాగి కట్టిన పడుగులా సాగింది.
పదకొండు, పదకొండు, పదకొండు,
పదకొండు.

తెల్లారి ఆవిడ నడిపింది.
మూడో మలుపు. వేలు లేవలేదు.
ఐదో మలుపు. లేవలేదు.
వంతెన దాటి, ఇళ్లు మొదలయ్యే చోట
ఒకే ఒక్కసారి, కొంచెం, లేచింది.
"ఇంకా ఉందా?" అన్నాను, మౌస్ మీదికి వంగుతూ.
"అది ఉండనీ.
ఏ తానులోనైనా ఒకచోట
నేసినమ్మ తుమ్మిన గుర్తుంటుంది."

డబ్బులిచ్చి, పెట్టెకు దుప్పటి చుట్టుకుని
ట్రామ్ దగ్గరికి పోయింది.
ట్రామ్ ఆలస్యం.

సాయంత్రం గాజుతలుపు మీది అంకెల్ని గోటితో గీకాను.
సగం ఊడాయి. జిగురు మరక మిగిలింది.
తక్కిన సగం వచ్చేనెల చూద్దాం,
అద్దె కట్టాక.