మూడో గొంతు

ఐసేన్‌లో, కొండ మీద మా పెట్టె
నూట యాభై అయిదులో మాట్లాడుతుంది.
పీతల పడవలూ, మంచు గీకే లారీలూ
ఏమన్నా చెవిన వేసుకుని,
బలం పోసి, అవతలి లోయలోకి విసురుతుంది.
అదే దాని కొలువు.

అలాంటిది ఓ మంగళవారం
ఎస్తేరో ఊందో ఆసుపత్రిలో నర్సు నోలియా
నాలుగు వందల అరవై అయిదులో హెలికాప్టర్ని పిలుస్తుంటే
చిరిగిన గొంతుతో ఎవడో మధ్యలో దూరి
కిలో పీతలు ఎంతని అడిగాడట.

"మూడింతలు" అన్నాడు ఒనోఫ్రే, మూడు వేళ్ళు విప్పి.
"దొంగ మనవాడే."

గట్టిగా అరిచే ఏ యంత్రమూ ఒక్క మాటతో ఆగదు.
అన్నదాని వెనకే రెట్టింపొకటి, మూడింతలొకటి
పిలవని పేరంటానికి బయల్దేరతాయి.
వాటి కోసం రాత్రంతా వడపోత కట్టాం:
ఇత్తడి డబ్బా, లోపల మూడు గదులు,
పెన్సిలు చుట్టూ తిప్పిన వెండిపూత రాగితీగ.
చుట్లని గోటితో ఎడం చేస్తూ, మీటరు చూస్తూ,
చేదు మాతే కషాయం తాగుతూ.
కింది స్వరానికి దారి, పై స్వరానికి గొయ్యి.
ఒనోఫ్రేకి ఈ న్యాయం భలే నచ్చింది,
రెండుసార్లు చెప్పి నవ్వాడు.

బిగించాం. తెర మీద మూడో శిఖరం
గడ్డిలోకి కుంగిపోయింది.
దిగొచ్చాం.

గురువారం మళ్ళీ నోలియా. "వస్తోంది.
గాలి లేచినప్పుడే వస్తోంది. ముందూ చెప్పాను."
చెప్పింది. నిజమే.
రేడియోకి గాలితో ఏం పనని
లాగ్ పుస్తకంలో ఆ ముక్క రాయనేలేదు నేను.

మళ్ళీ ఎక్కాం. డబ్బాని తిట్టాం, కేబుల్ని తిట్టాం.
చివరికి చేతి యాంటెన్నా పట్టుకుని ఒనోఫ్రే
మోకాటి లోతు మంచులో తడుముకుంటూ తిరిగి
టవర్‌కి పది అడుగుల్లో ఆగాడు.

గొర్రెల కంచె.
గొర్రెలు పోయి ఇరవై ఏళ్ళు.
వచ్చినప్పుడల్లా దాని మీదనుంచే దాటుతున్నాం.
రెండు తీగలు ముడిపడ్డ చోట ఎర్రటి తుప్పు
గాలికి అంటుకుంటూ, విడిపోతూ,
మా శుభ్రమైన మాటని అందుకుని
మూడింతలు చేసి నములుతోంది.

పటకారుతో ఒక్క నొక్కు.
ఆ ముడి ఇప్పుడు నా బల్ల మీద,
కాగితాలు ఎగరకుండా.

"ఏమైనా వినబడుతోందా?"
"ఏమీ లేదు" అంది నోలియా.
ఒనోఫ్రే మైకు పెట్టెయ్యలేదు.
గొంతు సవరించుకుని అడిగాడు:
"అక్కడ గాలి ఎలా ఉంది?"