గుర్తు చెప్పు

మూడో అంతస్తు. రాత్రి షిఫ్టు.
కిటికీ కింద ఫ్లైఓవర్ మీద
హైదరాబాద్ ఎటో పోతూనే ఉంది.
నా చెవిలో మాత్రం ఒక పత్తిచేను.

"మా అవ్వను పాము కుట్టిందక్కా, జల్ది రాండ్రి."
ఏ ఊరు?
"గుండ్లకుంట."
తెర మీద నాలుగు గుండ్లకుంటలు.
మండలం పేరు ఏడుపులో మింగేశాడు.
గుర్తు చెప్పు నాయనా, ఏదైనా గుర్తు.
"కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటది.
దాటినంక మూతబడ్డ రైస్ మిల్లు.
ఆడికెల్లి మట్టితొవ్వ."

తెర మీద ఆ తొవ్వ నున్నటి గీత.
పోయిన వానకే కల్వర్టు కొట్టుకపోయిందని
గీతకు ఎవరూ చెప్పలేదు.

కాలు కదలనియ్యకు. తాడు కట్టకు. బ్లేడు పెట్టకు.
పసరు తాపమంటున్న ఆ పెద్దమనిషికి ఫోనియ్యి, నేను మాట్లాడతా.
మంచముందా? నలుగురు పట్టండి, వాగు దాకా.
అటు ఒడ్డున బండి నిలబడుతది.

ఖలీల్ బండి ఇరవై రెండు కిలోమీటర్ల అవతల.
దగ్గర్లో ఇంకొకటి ఉంది గానీ
టైర్లు లేక నెల నుంచి రాళ్ల మీద కూర్చుంది.
"లైన్ కట్ చెయ్యకున్రి మేడమ్, ఎల్లిన" అన్నాడు.

మంచం కిర్రు. బురదలో ఎవరిదో చెప్పు ఊడిన చప్పుడు.
"ఆగకున్రి, ఆగకున్రి."
ఇరవై ఏడు నిమిషాలు
ఒక ఊరు నా చెవిలోంచి నడిచింది.

మండల ఆస్పత్రిలో నాలుగే సీసాల మందు.
అవి ఎక్కించి పట్నం పంపారు.
బండిలో సరిత, అంబు సంచి నొక్కుతూ,
ఊపిరి లెక్కబెడుతూ.
ఎనభై కిలోమీటర్లు గంటంబావు.
మెహిదీపట్నం నుంచి ఉస్మానియా దాకా ఆరు కిలోమీటర్లు
నలభై నిమిషాలు.
మల్లేపల్లిలో బరాత్ అడ్డమొచ్చిందట.
మర్ఫా ఆపించి, పెళ్లికొడుకే గుర్రం దిగి
సెహ్రా పక్కకు తోసుకుని
జనాన్ని నెట్టాడట. ఖలీల్ చెప్పాడు.
అతని పేరెవరూ అడగలేదు.

మూడో రోజు నేనే ఫోన్ చేశా. చెయ్యకూడదు, చేశా.
"కండ్లు తెరిచిందక్కా.
బర్రెను ఎవలు పిండుతున్నరని అడిగింది."

డెస్కు సొరుగులో నా నోటుబుక్కు.
ఎర్రరంగు వాటర్ ట్యాంకు, పిడుగుపడ్డ తాడిచెట్టు,
బోరు పక్కన పోచమ్మ గద్దె.
ప్రతి నెలా మ్యాపు వాళ్లకు పంపుతా.
చూస్తామంటారు.
ఈసారి రాశాను:
గుండ్లకుంట, రైస్ మిల్లు వెనక. కల్వర్టు లేదు.
లేదు కింద రెండు గీతలు.
పెన్ను ఒత్తితే అవతలి పేజీలోకి దిగాయి.