ఆషాఢం బేరం

పాలకొల్లు శివార్లో మూతపడ్డ రైసుమిల్లు,
ఊక పోసే కొట్టులో మూడు గుర్రాలు.
ఆషాఢం. ముహూర్తాల్లేవు.
పెళ్ళికొడుకులు లేని నెలలో
గుగ్గిళ్ళు ఎవడు ఉడకేస్తాడు?

"చూస్కోండి, చూపుకేం డబ్బులడగనండి" అన్నాడు
బ్యాండుమేళం అప్పాసి,
పళ్ళపుల్ల నోట్లోంచి తియ్యకుండానే.

చూశాను.
నాకొచ్చిన విద్య అదొక్కటే.
తెల్లది మెడ ఎత్తి నిలబడింది,
జూలుకి కొబ్బరినూనె, నుదుట పాత కుచ్చు.
రెండోది చెవులు వెనక్కి పడేసి గోడతో తగువులో ఉంది.
మూడోది ఎర్రది. మూలన, చీకట్లో,
పక్కటెముకలు ఒకటీ రెండూ అని
ఎక్కడా తడబడకుండా లెక్కపెట్టేయొచ్చు.

అంతర్వేది ఇసకలో పిల్లల్ని ఎక్కించి తిప్పాలి నేను.
ఫొటోలో బాగుండాలి.
వెళ్ళి తెల్లదాని మెడ మీద చెయ్యేశాను.

హుస్సేనీ తాత ఇంకా గుర్రాల వైపే చూళ్ళేదు.
నర్సాపురం స్టేషన్నుంచి రేవుదాకా
ఆటోలు దిగేదాకా జట్కా తోలిన మనిషి.
ఒక కంటికి ఆపరేషనైంది,
రెండోది వాయిదాల మీద ఉంది.
ముందు నేల మీద పేడ చూశాడు, కాలితో విడదీసి.
తొట్టి అడుగు గోకి వేలు వాసన చూసుకున్నాడు.
అప్పుడు తువ్వాలు తడిపి
తెల్లదాని వీపు మీద ఒక్క తుడుపు.
గుడ్డ నిండా సున్నం. సున్నం కింద
జీను కొరికిన పుండు, పచ్చిగా.
అప్పాసి మిల్లు చూరు కేసి చూస్తున్నాడు.

"ఇది బేరానికి తయారైందిరా.
ఆ మూలది తయారవడం మానేసింది."

ఎర్రదాని దవడ తడిమాడు, పళ్ళు వేళ్ళతో చదివాడు.
"ఎనిమిదో, తొమ్మిదో."
కంటిపైన గుంటలో ఆయన బొటనవేలు పూర్తిగా పట్టింది.
కాలెత్తమన్నాడు, ఎత్తింది.
పగిలిన గిట్టలో ఇరుక్కుని
చిన్న తళుకు ముక్క, ఎవరి పెళ్ళిదో.
"ఎవడో పెట్టని మేతంతా ఇదిగో,
ఒంటి మీద రాసి పెట్టుకుంది."

"మరి సుడులు?" అన్నాను.
మా నాన్న ఎడ్లకి సుడి చూడందే అడ్వాన్సు ఇచ్చేవాడు కాదు.
"సుడి కొన్నోడి నుదుటి మీద ఉంటాదిరా, పద."

పదమూడు వేలకి తెగింది.
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి
"మంచి జాతండి, ఆయ్" అన్నాడు అప్పాసి.
అమ్మేశాక
అతనికీ అది కనబడింది.

చించినాడ వంతెన కింద ఎర్రనీళ్ళు,
స్తంభాల మెడల దాకా.
టాటా ఏస్ వెనకాల నేనూ, అదీ, వానా.
ఎటూ చూళ్ళేదది. నదిని కూడా.

మలికిపురం సెంటర్లో అమ్మోరి జాతర అడ్డమొచ్చింది.
డప్పులు, వాటి వెనక బ్యాండు.
గుర్రం తలెత్తింది.
ముందు ఒక కాలు, తర్వాత ఇంకోటి,
ఆ పగిలిన గిట్టలతో, ఇనప రేకు మీద, డాన్సు!
జనం ఈలలేశారు.
"తాతా, చూడు, ఎంత హుషారో!"
ముందు సీట్లోంచి, తల తిప్పకుండా,
గిట్టల చప్పుడు కాసేపు విని అన్నాడు:
"రేకు కాల్చి దాని మీద నిలబెట్టి నేర్పుతారురా ఆ అడుగులు.
మేళం మోగితే చాలు, ఇప్పటికీ కాలతాయి."

ఊరు దాటేదాకా
రెండు చేతులతో దాని చెవులు మూయబోయాను.
గుర్రం చెవులు ఎలా మూయాలో
నాకెవరూ చెప్పలేదు.

సఖినేటిపల్లి చేరేసరికి చీకటి.
ఉలవ గుగ్గిళ్ళు గుప్పెడంటే గుప్పెడే,
"ఎక్కువ పెడితే ప్రేమతో చంపినోడివవుతావు."
బకెట్లో వేసి పెట్టాం. ముట్టుకోలేదు.
టార్చి వేశాను. కళ్ళు చూశాను, ముక్కు చూశాను,
వంగి పొట్ట చూశాను.

"చూసింది చాల్లే" అన్నాడు తాత.
టార్చి ఆర్పి, భుజం పట్టుకుని
నన్ను కొబ్బరితోట వైపు తిప్పాడు.
ఆయనా తిరిగాడు.
మట్టల మీంచి వాన జారుతోంది.
దోమలు. చాలాసేపు.

వీపు వెనక
బకెట్టు అంచు ఒక్కసారి
చిన్నగా మోగింది.