ఆపమన్న సైగ

మొదట రీడు మీద కనబడిందట ఎరుపు,
సన్నటి రెల్లు పలక అంచున, వెంట్రుకంత.
పెదవి కోసుకుందనుకున్నాడట దోన్ ఫిలోగోనియో,
ఈ మిహె కొండల బ్యాండులో నలభై రెండేళ్ళ క్లారినెట్.

నొప్పి లేదు. అదే అసలు గొడవ.
ఉండుంటే ఐదేళ్ళ కిందటే ఈ మెట్లెక్కేవాడు,
అప్పటికి నేనింకా వహాకాలో
పళ్ళ పేర్లు బట్టీ పడుతున్నాను.

చిగురు ఎర్రబారింది గాని
అది వసంతం వల్ల కాదు.
కొలపుల్లను దాని కిందికి దింపుతూ
ఆరు, ఏడు, మళ్ళీ ఏడు, తొమ్మిది అంటుంటే
నర్సు ఎర్మెలిందా రాసుకుంది.
"ఇదే తాళం?" అన్నాడు, తెరిచిన నోటితోనే.

ఎక్స్‌రేని కిటికీకి ఆనించాను.
బయట మంచు. కొండ సగం లేదు.
ఫిల్ములోనూ అంతే,
ముందుపళ్ళ వేళ్ళు ఒడ్డు కోసుకుపోయిన చెట్లలా.
"ఎవరు తిన్నారు?"
క్రిములన్నాను,
అని నాలుక కరుచుకున్నాను.

క్రిములకు ఎముక కొరికే నోరు లేదు.
అవి పంటి మెడ దగ్గర పాచిలో కాపురమున్నాయి, అంతే.
ఉలిక్కిపడ్డవి మీ తెల్లకణాలు.
అందులో ఒక టి-కణం, కేక వేయడం చేతకాక,
చిన్న ప్రొటీను తునకను పైకెత్తి చూపింది.
దారిన పోయే పసికణాలు దాన్ని తాకాయి,
తాకినవి ఒకదాంట్లో ఒకటి కరిగి
పది కేంద్రకాల ఒకే ఒళ్ళయి
ఎముకను కావలించుకుని, ఆమ్లం కార్చి,
గుంట తవ్వి, పక్కకు జరిగి, మళ్ళీ తవ్వాయి.

అవి పగవాళ్ళు కావు, దోన్ ఫిలోగోనియో.
రోజూ పాత ఎముకను తీసి
కొత్తదానికి చోటిచ్చే కూలీలే.
పిలుపు ఎక్కువైంది.
పిలుపును దారిలోనే పట్టి దాచేసే ప్రొటీను ఇంకోటుంది,
ఈ గోలలో అది పలచబడింది.
పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారే,
ఇక్కడ రాయే లేదు.

చాలాసేపు టోపీని తిప్పుతూ కూర్చున్నాడు.
"మా మాస్టారు పిడికిలి ముడిస్తే
డెబ్బై మందిమి ఒక్కసారి ఆగుతాం.
వీళ్ళకు పిడికిలి ముడిచేవాడు లేడా?"

ఉన్నాడు.
క్రిమి కదలనంతకాలం
ఆయన చెయ్యి గాలిలోనే ఉంటుంది.

పుస్తకంలో ఇంకో మాటా ఉంది, పరీక్షలో రాయలేదు నేను:
ఎముక ఓడిపోలేదట,
నిప్పు తనదాకా రాకముందే వెనక్కి జరిగిందట,
ఇల్లంటుకుంటే పక్క గడ్డివాము లాగేసినట్టు.
నిజమేనేమో.
పన్నుకి మాత్రం ఆ ఓదార్పు నిలబడ్డానికి చాలదు.

నాలుగు వారాలు గీకాను, కడిగాను,
కదిలే పళ్ళను సన్నతీగతో పొరుగు పళ్ళకు కట్టాను.
పోయిన ఎముక తిరిగి రాదని చెప్పాను, రెండుసార్లు.
రెండోసారి ఆయన నవ్వాడు,
కట్టిన తీగ మెరిసింది.

ఇప్పుడు పై పెదవిని కూడా లోపలికి మడిచి ఊదుతున్నాడు.
మూతి మీద పన్ను ఆనదు.
అరవై ఎనిమిదో ఏట మళ్ళీ పిల్లల పాఠం,
స్వరంలో కొంచెం ఊరికే ఊపిరి.

నా ఏడాది అయిపోయే వారం, సాయంత్రం,
క్లినిక్కు మెట్ల మీద మూట కట్టుకుంటూ విన్నాను.
బడి వసారాలో మాస్టారి పిడికిలి ముడుచుకుంది.
ట్యూబాలు ఆగాయి, డోళ్ళు ఆగాయి.
ఒక్క క్లారినెట్ మాత్రం
అర ఊపిరి ఆలస్యంగా.